ఒకే వాలు మీద మూడు తోటలు: నేల వైన్‌ను ఎలా మారుస్తుంది?

(భూగర్భశాస్త్ర విద్యార్థులు, తోట రైతులు కలిసి పాల్గొన్న ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇవాళ విద్యార్థులతో పాటు తోటలు పెంచే రైతులు కూడా వచ్చారు, చాలా సంతోషం. ఈ విషయం సగం రాయిది, సగం చెట్టుది. ఒక్క రాయి గురించే మాట్లాడితే సగం కథే అవుతుంది.

ఫ్రాన్సులో తూర్పు వైపు బర్గండీ అనే ప్రాంతం ఉంది. అక్కడ డిజోన్ నగరం దగ్గర మొదలై దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల పొడవున ఒక గట్టు సాగుతుంది. దాని పేరు కోట్ దోర్. మైదానం నుంచి చూస్తే పెద్ద ఎత్తేమీ అనిపించదు. తూర్పుకీ ఆగ్నేయానికీ తిరిగిన ఒక వాలు, అంతే. ఆ వాలు దక్షిణ భాగంలో, పులిన్యీ, షసాన్యీ అనే రెండు ఊళ్ళ దగ్గర మూడు ద్రాక్ష తోటలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైన షెవాలియే మోంరాషే, మధ్యలో మోంరాషే, కింద బాతార్ మోంరాషే. పై తోట నుంచి కింది తోటకు దూరం కొన్ని వందల మీటర్లే. ఎత్తులో తేడా నలభై యాభై మీటర్లు. మూడింటిలోనూ పెంచేది షార్డొనే అనే తెల్ల ద్రాక్షే. ఒకే కుటుంబానికి మూడు చోట్లా వరసలు ఉన్న సందర్భాలున్నాయి. ఆ కుటుంబం ఒకే పద్ధతిలో కత్తిరింపులు చేసి, ఒకే సెల్లార్‌లో, ఒకే రకం పీపాల్లో పెట్టినా మూడు వైన్లూ వేరువేరుగా వస్తాయి. పై తోటది సన్నగా, పులుపు చురుగ్గా ఉంటుంది. కింది తోటది నిండుగా, బరువుగా ఉంటుంది. మధ్య తోటలో ఆ నిండుదనమూ ఉంటుంది, ఆ చురుకూ ఉంటుంది. అందుకే దానికి అంత పేరు, అంత ధర.

మొక్క అదే, మనిషి అదే, వాన కూడా అదే. మరి తేడా ఎక్కడిది? ఇవాళ నేను మాట్లాడబోయేది దాని గురించే.

వైన్ అమ్మే చోట మామూలుగా వినిపించే జవాబు ఒకటుంది: వేళ్ళు రాతిలోకి దిగి, ఆ రాతి రుచిని పీల్చుకుని గ్లాసులోకి తెస్తాయట. బర్గండీకే ఉత్తర కొసన షాబ్లీ అనే చోటు ఉంది. అక్కడి మట్టిని చేత్తో తీసి చూస్తే అందులో కామా ఆకారంలో, గోరంత చిన్న ఆల్చిప్పలు గుట్టలుగా కనబడతాయి. సుమారు 150 మిలియన్ సంవత్సరాల కిందటి సముద్రపు అడుగున బతికిన జీవుల చిప్పలవి. షాబ్లీ వైన్ తాగితే సముద్రం వాసన, ఆల్చిప్పల రుచి తెలుస్తుందని చెప్పుకుంటారు. వినడానికి బాగుంటుంది. కానీ భూగర్భశాస్త్రం చదివిన వాళ్ళుగా మనం దీన్ని ఒప్పుకోకూడదు.

ఆ చిప్పలు కాల్షియం కార్బొనేట్. తాండూరు బండ కూడా ఎక్కువ భాగం అదే. ఇంటికి వెళ్ళాక ఒక బండముక్కను శుభ్రంగా కడిగి నాలుకకు తాకించి చూడండి. ఏ రుచీ తెలియదు. రాతిలోని ఖనిజాల్లో చాలా భాగం నీటిలో కరగవు, కరగని దానికి రుచి ఉండదు. మొక్క వేళ్ళు తీసుకునేది రాయిని కాదు, నీటిలో కరిగిన పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం లాంటి లవణాలను. అవి ఏ నేలలోనైనా ఒకటే. గ్రానైట్ నుంచి వచ్చిన పొటాషియానికీ పశువుల ఎరువు నుంచి వచ్చిన పొటాషియానికీ మొక్కకు తేడా తెలియదు. పైగా పూర్తయిన వైన్‌లో అన్నిటికంటే ఎక్కువ ఉండే పొటాషియం కూడా లీటరుకు సుమారు ఒక గ్రాము. మిగతావి ఇంకా తక్కువ. ఆ పరిమాణంలో అవి నాలుకకు రుచిగా తెలియవు.

తాండూరు బండ ప్రస్తావన వచ్చింది కాబట్టి విద్యార్థుల కోసం ఒక మాట. మన తాండూరు, బేతంచెర్ల సున్నపురాళ్ళు బర్గండీ రాళ్ళ కంటే చాలా చాలా పాతవి. గట్టి చిప్పలున్న జంతువులు భూమి మీద ఇంకా పుట్టని కాలానివి. అందుకే మన నాపరాళ్ళలో ఆల్చిప్పలు వెతికినా దొరకవు. రెండూ సున్నపురాళ్ళే, కానీ వాటి చరిత్రలు వేరు.

సరే, రుచి నేరుగా రాతి నుంచి రావడం లేదు. అయితే నేలకు వైన్‌తో సంబంధం లేదా? ఉంది, చాలా గట్టి సంబంధం ఉంది. నేల ప్రధానంగా నిర్ణయించేది మొక్కకు నీళ్ళు ఎప్పుడు, ఎంత అందాలనే విషయాన్ని. దాంతో పాటు వేళ్ళ దగ్గర ఎంత వెచ్చగా ఉండాలో కూడా. నా దృష్టిలో ఇవాళ మీరు ఇంటికి తీసుకెళ్ళవలసిన విషయం ఇదొక్కటే, మిగతావన్నీ దీనికి ఉదాహరణలు.

మామిడి పెంచే రైతులకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కాయ ముదిరే రోజుల్లో తోటకు నీళ్ళు ఎక్కువ పెడితే కాయ సైజు పెరుగుతుంది, పండు చప్పబడుతుంది. ద్రాక్షలో ఈ లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. వేసవి మధ్యలో, కాయ రంగు తిరగడానికి కాస్త ముందు, నీళ్ళు కొంచెం బిగిస్తే తీగ కొత్త కొమ్మలు వెయ్యడం ఆపేస్తుంది. ఆకు తయారు చేసిన చక్కెర కొమ్మకు పోకుండా గుత్తికి వెళ్తుంది. గింజ, అంటే గుత్తిలోని ఒక్కో పండు, చిన్నదిగా ఉండిపోతుంది. ఎర్ర ద్రాక్షలో రంగూ వగరూ చాలా వరకూ తొక్కలోనే ఉంటాయి. చిన్న గింజలో రసంతో పోలిస్తే తొక్క ఎక్కువ, కాబట్టి వైన్‌కు రంగూ బలమూ వస్తాయి. అదే నేలలో నీళ్ళు ఆగకుండా దొరుకుతూ ఉంటే తీగ పాకుతూనే ఉంటుంది, ఆకులు గుత్తులను కప్పేస్తాయి, గింజ ఉబ్బుతుంది. నీడలో పండిన కాబర్నే సోవిన్యోన్ ద్రాక్షలో పచ్చి క్యాప్సికమ్ వాసన మిగిలిపోతుంది. అలాగని మరీ ఎండగడితే ఆకు మాడుతుంది, పండడం ఆగిపోతుంది. కావలసింది కొద్దిపాటి కరువు. అది కూడా సరైన నెలలో రావాలి.

నైరుతి ఫ్రాన్సులోని బోర్డో విశ్వవిద్యాలయంలో జెరార్ సెగాన్ అనే శాస్త్రవేత్త దీని మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. బోర్డో దగ్గరి మెడోక్ ప్రాంతంలో మంచి తోటల నేలలనూ మామూలు తోటల నేలలనూ పోల్చి చూశాడు. ఫలానా పోషకం ఎక్కువుంటే వైన్ గొప్పగా వస్తుందని చెప్పడానికి ఏ ఆధారమూ దొరకలేదు. మంచి నేలలన్నిటిలోనూ కనిపించిన ఉమ్మడి లక్షణం ఒకటే. వాన పడినా పడకపోయినా తీగకు నీళ్ళు నెమ్మదిగా, ఒక క్రమంలో అందుతున్నాయి. ఆ తర్వాత 2004లో వాన్ లెవెన్, ఆయన సహచరులు బోర్డో వైపే ఉన్న సాంతెమిలియోన్ దగ్గర మూడు రకాల నేలల మీద మూడు రకాల ద్రాక్షను ఐదేళ్ళ పాటు కొలిచిన ఫలితాలు ప్రచురించారు. చాలా లెక్కల్లో మొదటి ప్రభావం ఆ ఏటి వాతావరణానిది, తర్వాత నేలది, ఆ తర్వాత ద్రాక్ష రకానిది. ఆ వాతావరణం, ఆ నేల కూడా ఎక్కువగా పనిచేసింది తీగకు అందిన నీటి ద్వారానే.

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. మెడోక్‌లో పేరున్న తోటలన్నీ గులకరాళ్ళ మేటల మీద ఉంటాయి. నదులు తెచ్చి పోసిన రాళ్ళు. వాటిలో నీళ్ళు నిలవవు, వేళ్ళు మీటర్ల లోతుకు వెతుక్కుంటూ వెళ్తాయి. అంటే మంచి వైన్‌కు గులక నేలే కావాలా? అక్కడికి దగ్గర్లోనే, గిరోంద్ నదికి అవతలి వైపు పోమెరోల్‌లో పెట్రూస్ అనే తోట ఉంది. సుమారు పదకొండున్నర హెక్టార్లు. అక్కడ నేల నీలి రంగు తిరిగిన చిక్కటి బంకమన్ను. పైకి చూస్తే గులక నేలకు పూర్తి వ్యతిరేకం. కానీ ఆ బంకమన్ను స్మెక్టైట్ జాతిది. తడి తగలగానే ఉబ్బి దగ్గరకు మూసుకుపోతుంది. ఆ తర్వాత పడే వానలో ఎక్కువ భాగం లోపలికి దిగకుండా పక్కకు జారిపోతుంది. లోపల దాచుకున్న నీటిని కూడా అంత తేలిగ్గా వదలదు, వేరుకు కొద్దికొద్దిగా ఇస్తుంది. గులక నేలలో నీరు లేక కరువు, బంకమన్నులో నీరుండీ కరువు. ఫలితం మాత్రం ఒకే దిక్కుకు వెళ్తుంది. గులకలో కాబర్నే బాగా పండుతుంది, ఆ చల్లటి బంకమన్నులో త్వరగా పండే మెర్లో అనే ఎర్ర ద్రాక్ష బాగా పండుతుంది.

నల్లరేగడిలో వ్యవసాయం చేసిన వాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. నల్లరేగడిలో ఉండేది కూడా స్మెక్టైట్ జాతి బంకమన్నే. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. నేలను చేత్తో నలిపితే తడి తగులుతూనే ఉంటుంది, పైన మొక్క మాత్రం తల వాల్చేస్తుంది. ఆ తడి మట్టి పట్టులో ఉంది, మొక్కకు అందదు. అలాగని మన నల్లరేగడిలో మెర్లో వేస్తే పెట్రూస్ వస్తుందని నేను అనడం లేదు. అక్కడ వేసవి వేరు, ఇక్కడ వేసవి వేరు. ఆ సంగతికి చివర్లో వస్తాను.

ఇప్పుడు మళ్ళీ కోట్ దోర్ వాలు దగ్గరికి వెళ్దాం. ఈ వాలు ఎలా పుట్టింది?

జురాసిక్ కాలం మధ్య భాగంలో, సుమారు 170 నుంచి 160 మిలియన్ సంవత్సరాల కిందట, అక్కడ లోతు తక్కువ ఉన్న వెచ్చటి సముద్రం ఉండేది. దాని అడుగున పొరలు పొరలుగా సున్నం పేరుకుంది. కొన్ని పొరలు సముద్ర లిల్లీలనే జీవుల ముక్కలతో నిండినవి. కొన్ని పొరలు పాలరాయిలా మెరుగు పెట్టగలిగేంత గట్టివి, ఆ రాయిని ఇప్పటికీ క్వారీల్లో తీస్తారు. వాటి మధ్య మధ్యలో మార్ల్ పొరలున్నాయి. మార్ల్ అంటే సున్నమూ బంకమన్నూ కలిసిన మెత్తటి రాయి. గట్టి సున్నపురాయి పగుళ్ళ గుండా నీటిని కిందికి వదిలేస్తుంది, మార్ల్ ఆపి దాచుకుంటుంది. ఈ రెండు గుణాల గురించే మనం ఇంతసేపూ మాట్లాడుకుంటున్నాం.

ఈ పొరలు అలాగే చదునుగా పడి ఉంటే అక్కడ ఇన్ని రకాల వైన్లు వచ్చేవి కావు. చాలా కాలం తర్వాత, సుమారు 30 మిలియన్ సంవత్సరాల కిందటి రోజుల్లో, ఆ ప్రాంతపు భూపటలం సాగి చిట్లింది. ఒక పెద్ద భ్రంశం, అంటే భూమి పొరలు చీలి జారిన గీత, వెంట తూర్పు భాగం కిందికి దిగిపోయింది. అదే ఇప్పటి సోన్ నది మైదానం. దిగిపోయిన పల్లంలో కొత్త బంకమన్ను, ఒండ్రు మందంగా నిండాయి. పడమటి భాగం పైన నిలబడిపోయింది, దాని అంచే కోట్ దోర్. ఈ చీలిక ఒక్కటే కాదు, దాని పక్కన చిన్న చిన్న భ్రంశాలు ఎన్నో ఉన్నాయి. వాలును అవి మెట్లుగా, దిమ్మెలుగా కోసేశాయి. అందుకే ఒక తోట గోడ దాటి పక్క తోటలోకి అడుగు పెడితే కింద రాయి మారిపోతుంది. డిజోన్ నుంచి బోన్ పట్టణానికి వెళ్ళే పాత జాతీయ రహదారి దాదాపుగా ఆ పెద్ద భ్రంశం వెంటే సాగుతుంది. రోడ్డుకు పడమట పేరు మోసిన తోటలు, తూర్పున మామూలు తోటలు, ఇంకా తూర్పుకు పోతే ధాన్యం పొలాలు. నేను చూసిన వాటిలో ఒక భ్రంశం జనం ఆస్తుల విలువను ఇంత సూటిగా విడదీసిన చోటు ఇంకొకటి లేదు.

తర్వాత మంచు యుగాలు వచ్చాయి. అక్కడ హిమానీనదాలు లేవు కానీ రాతి పగుళ్ళలో నీరు గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి రాయిని ముక్కలు చేసింది. పైనుంచి రాతిముక్కలు, సన్నమట్టి జారి వాలు మధ్యలోకి, కిందికి చేరాయి. ఇప్పుడా మూడు తోటలను మళ్ళీ చూడండి. పైన షెవాలియేలో వాలు ఎక్కువ, మట్టి పలచన, రాళ్ళు ఎక్కువ. నీరు నిలవదు, ఎత్తు వల్ల కాస్త చల్లదనం, పండడం కొంచెం ఆలస్యం. అందుకే పులుపు నిలబడుతుంది. కింద బాతార్ దగ్గర నేల దాదాపు చదును, మట్టి లోతు, బంకమన్ను ఎక్కువ. తీగకు తిండీ నీరూ పుష్కలం, వైన్ బరువెక్కుతుంది. మధ్య మోంరాషేలో మట్టి సరిపడా లోతు, కింద పగుళ్ళున్న సున్నపురాయి, ఎండ నేరుగా పడే వాలు. తీగకు కరువు తెలుస్తుంది, దాహంతో చావదు.

బాతార్ దాటి ఇంకా కిందికి వెళ్తే పులిన్యీ ఊరు వస్తుంది. ఆ ఊళ్ళో లోతైన భూగర్భ సెల్లార్లు చాలా అరుదు. వైన్‌కు అంత పేరున్న ఊళ్ళో సెల్లార్లు ఎందుకు లేవు? తవ్వితే నీళ్ళు పడతాయి. భూగర్భ జలం అంత పైన ఉంది. పైన కొన్ని వందల మీటర్ల దూరంలో తీగ నీటి కోసం రాతి పగుళ్ళలో వెతుక్కుంటోంది, ఇక్కడ ఇంటి కింద నీరు ఊరుతోంది. ఇది తెలిశాక ఆ ఊరి దగ్గరి చదును నేలకు మామూలు హోదా ఎందుకిచ్చారో వేరే చెప్పక్కర్లేదు.

ఇంత చెప్పాను కదా అని సీసా మీద ముద్రను గుడ్డిగా నమ్మకండి. క్లో ద వూజో అని ఇదే గట్టు మీద ఉత్తర భాగంలో ఒక తోట ఉంది. సుమారు 50 హెక్టార్లు, చుట్టూ రాతి గోడ. 1098లో స్థాపించిన సీతో మఠం సన్యాసులు దాన్ని ముక్క ముక్క కూడబెట్టి, 14వ శతాబ్దానికి గోడ పూర్తి చేశారు. ఇవాళ దానికి 80 మంది దాకా యజమానులున్నారు. గోడ లోపల ఉన్నదంతా చట్టం ప్రకారం గ్రాన్ క్రూ, అంటే అత్యున్నత హోదా. కానీ తోట పై భాగంలో సున్నపురాతి మీద పలచటి మట్టి, కింద రోడ్డు దగ్గర నీరు దిగని లోతైన బంకమన్ను. ఆ కింది భాగం గోడకు అవతల ఉంటే దానికి ఆ హోదా దక్కేది కాదని నా అభిప్రాయం. హోదా ఇచ్చింది గోడకు, నేలకు కాదు. సన్యాసుల కాలంలో ఇది సమస్య కాలేదు, తోటంతా ఒకరి చేతిలోనే ఉండేది కాబట్టి పైదీ కిందదీ కలుపుకునే వీలుండేది. ఫ్రెంచి విప్లవం తర్వాత మఠం ఆస్తి జాతీయం చేసి అమ్మేశారు, తర్వాత అది ముక్కలైంది. ఇప్పుడు కొనేవాడికి తన సీసా ఏ ముక్కదో తెలియాలి.

గాలి సంగతి చూద్దాం. చల్లగాలి బరువైనది, రాత్రిళ్ళు వాలు మీదుగా జారి పల్లంలో చేరుతుంది. అందుకే ఏప్రిల్‌లో లేత చిగుర్లు వచ్చిన సమయంలో గడ్డమంచు పడితే మామూలుగా ముందు దెబ్బతినేది కింది తోటలు. మధ్య వాలుకు ఆ భయం తక్కువ. గట్టును అక్కడక్కడా కోస్తూ కోనలున్నాయి. వాటి ముఖద్వారాల్లో ఉన్న తోటల్లోకి పై పీఠభూమి చల్లగాలి దిగుతుంది, పక్క తోటల కంటే పంట ఆలస్యంగా పండుతుంది. తూర్పు వాలు కావడం వల్ల పొద్దుటి ఎండ ముందుగా తగిలి మంచు తడి త్వరగా ఆరుతుంది, బూజు తగ్గుతుంది. ఇవన్నీ ప్రతి ఏడూ పనిచేస్తాయని అనుకోకండి. 2016 ఏప్రిల్ చివర్లో పడ్డ మంచు మధ్య వాలును కూడా వదల్లేదు. మోంరాషేలో పంట ఎంత పోయిందంటే, ఏడుగురు యజమానులు మిగిలిన కొద్దిపాటి పళ్ళనూ కలిపి ఒకే వైన్ చేశారు. మామూలుగా ఎవరి వరసలు వాళ్ళవి, ఎవరి వైన్ వాళ్ళది. ఆ మరుసటి ఏడు మళ్ళీ మంచు భయం వచ్చినప్పుడు ఊళ్ళన్నీ కలిసి తెల్లవారుజామున తడి గడ్డి మోపులు కాల్చి పొగ పెట్టాయి. చిగురు మీద గడ్డకట్టిన మంచుకు ఉదయపు ఎండ సూటిగా తగిలితే లేత కణాలు మాడిపోతాయి. ఆ పొగ ఎండకు అడ్డు.

నేలలోని రసాయనాలు అసలు పట్టించుకోనక్కర్లేదా అని అడగొచ్చు. ఒక చోట తప్పకుండా పట్టించుకోవాలి. 19వ శతాబ్దం చివర్లో ఫిలోక్సెరా అనే వేరుపురుగు ఫ్రాన్సు తోటలను తుడిచిపెట్టింది. అమెరికా అడవి ద్రాక్ష వేళ్ళు ఆ పురుగును తట్టుకుంటాయి కాబట్టి వాటి మీద ఫ్రెంచి ద్రాక్షను అంటు కట్టడం మొదలుపెట్టారు. అయితే సున్నం ఎక్కువున్న నేలల్లో ఆ అంట్ల ఆకులు పసుపు రంగుకు తిరిగి చచ్చిపోయాయి. సున్నపు నేలలో ఇనుము ఉన్నా వేరు దాన్ని తీసుకోలేదు. మన దగ్గర సున్నం ఎక్కువున్న భూముల్లో వేరుశనగ, బత్తాయి ఆకులు పాలిపోయేది కూడా ఈ కారణంతోనే. 1887లో పియేర్ వియాలా అనే శాస్త్రవేత్తను ఫ్రాన్సు ప్రభుత్వం అమెరికా పంపింది. టెక్సాస్‌లో మన్సన్ అనే ద్రాక్ష నిపుణుడు ఆయనకు సాయం చేశాడు. అక్కడి సున్నపు గుట్టల మీద సహజంగా పెరిగే బెర్లండియేరి అనే అడవి ద్రాక్ష దొరికింది. దాన్ని సంకరం చేసి తయారు చేసిన రూట్‌స్టాక్‌లే, అంటే అంటు కట్టడానికి వాడే వేరు మొక్కలే, ఫ్రాన్సులోని సున్నపు నేలలను మళ్ళీ తోటలుగా నిలబెట్టాయి. అక్కడి రాయికి సరిపోయే వేరును ఇంకో ఖండంలో అలాంటి రాతి మీదే వెతికి పట్టుకున్నారు. శాస్త్రం రైతుకు ఇంతకంటే సూటిగా ఉపయోగపడిన సందర్భాలు తక్కువ.

రకానికీ రాతికీ మధ్య ఉన్న పొత్తు కూడా చూడాలి. 1395లో బర్గండీ ప్రభువు ఫిలిప్ తన రాజ్యంలో గమే అనే ద్రాక్షను పీకెయ్యమని ఆజ్ఞ జారీ చేశాడు. విపరీతంగా కాస్తుంది, వైన్ నాసిరకం అని ఆరోపణ. పినో నువార్ అనే ఎర్ర ద్రాక్ష మిగిలింది. కానీ అదే గమేను కాస్త దక్షిణాన బోజొలే గ్రానైట్ గుట్టల మీద పెడితే చాలా మంచి వైన్ ఇస్తుంది. గ్రానైట్ చివికి ఇసుక పాలు ఎక్కువున్న బీద నేల అవుతుంది, విపరీతంగా కాసే తీగను అదుపులో పెడుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల బండల మధ్య చల్క నేలలను చూసిన వాళ్ళకు ఆ మట్టి పరిచయమే.

ఇంతవరకూ నేల గురించి ఏదో స్థిరమైన వస్తువులా మాట్లాడాను. వాతావరణం మాత్రం స్థిరంగా లేదు. బోన్ పట్టణంలో ద్రాక్ష కోత ఏ రోజున మొదలైందో 1354 నుంచి లెక్కలున్నాయి. చరిత్రకారులు ఆ రికార్డులన్నీ సరిచూసి 2018 వరకూ ఒక వరసగా కూర్చారు. శతాబ్దాల పాటు సగటున సెప్టెంబరు 28 ప్రాంతంలో మొదలైన కోత, 1988 నుంచి సగటున 13 రోజులు ముందుకు జరిగింది. ఆరున్నర శతాబ్దాల లెక్కలో ఇలాంటి మార్పు లేదు. దీని ఫలితం తోటల్లో కనబడుతోంది. ఒకప్పుడు చలికి సరిగ్గా పండని పై ఊళ్ళు, సాంతోబాన్, సాన్ రొమాన్ లాంటివి, ఇప్పుడు చక్కటి వైన్లు ఇస్తున్నాయి. పలచటి మట్టి ఉన్న గొప్ప తోటలు మాత్రం వేడి సంవత్సరాల్లో నీటి కోసం అల్లాడుతున్నాయి. సన్యాసులు శతాబ్దాల పాటు చూసి గీసిన హద్దులు వాళ్ళ వాతావరణానికి సరిపోయిన హద్దులు. ఆ 1,247 కమతాలకు 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది. హోదా కదలదు, వాన కదులుతుంది. నన్ను నిజంగా బాధపెట్టే విషయం ఇది.

చివరిగా మన దక్కను. నాసిక్ తోటలు సుమారు 66 మిలియన్ సంవత్సరాల కిందటి లావా నుంచి వచ్చిన నేలల మీద ఉన్నాయి. కానీ అక్కడ నేల కంటే ముందు మాట్లాడేది ఋతువు. మన దగ్గర తీగను నిద్రపుచ్చే చలికాలం లేదు. కాబట్టి రైతు కత్తెరతో ఋతువును తయారు చేస్తాడు. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, అది కొమ్మ కోసం. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకో కత్తిరింపు, అది కాయ కోసం. కోత జనవరి నుంచి మార్చి లోపు. ఇందులో పెద్ద తేడా ఒకటుంది. బర్గండీలో కాయ పండే రోజులు చల్లబడుతున్న రోజులు, మన దగ్గర వేడెక్కుతున్న రోజులు. వేడికి ద్రాక్షలోని మాలిక్ ఆమ్లం త్వరగా ఖర్చయిపోతుంది, పులుపు పడిపోతుంది. అందుకే మన దగ్గర ఎత్తు, రాత్రి చల్లదనం నేలతో సమానంగా ముఖ్యం. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు విరివిగా పండించిన అనాబ్ ఎ షాహి తినే పండు. దానికి ఒక్కో పండు పెద్దది కావాలి, నీళ్ళు కావాలి. వైన్ ద్రాక్షకు సరిగ్గా దాని వ్యతిరేకం కావాలి. మనకు ద్రాక్ష పెంచడం బాగా తెలుసు, కానీ తెలిసింది ఆ మొదటి రకం పెంపకం.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

(ఒక రైతు: సార్, మాది మదనపల్లె వైపు. పక్కనే చిక్కబళ్ళాపురంలో ద్రాక్ష ఉంది, నంది కొండల దగ్గర వైన్ తోటలున్నాయి. మా దగ్గర వైన్ ద్రాక్ష వస్తుందా?)

మంచి ప్రశ్న అన్నా. మీ వైపు ఎత్తు బాగుంది, రాత్రిళ్ళు కోస్తా కంటే చల్లగా ఉంటాయి. రాయి కూడా గ్రానైట్ జాతిదే, ఎర్ర నేల, నీరు దిగుతుంది. నంది కొండల దగ్గర 1988 నుంచి ఫ్రెంచి రకాలు పెంచుతున్నారు కాబట్టి అసాధ్యం అనడానికి లేదు. నాకున్న అనుమానం వాన మీద. నాసిక్‌కు నైరుతి వానలు అక్టోబరుకు దాదాపు తగ్గిపోతాయి. మీకు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య వానలున్నాయి. నాసిక్ క్యాలెండర్ చూసి అక్టోబరు మొదట్లో కాయ కత్తిరింపు చేశారనుకోండి, లేత ఆకు, పూత సరిగ్గా ఆ వానల్లో పడతాయి. డౌనీ బూజు ఒక్క వారంలో తోటను పాడు చేస్తుంది. కత్తిరింపు వెనక్కి జరిపితే కోత ఏప్రిల్ ఎండల్లోకి పోతుంది, పులుపు మిగలదు. మీ దగ్గర అసలు చిక్కు ఆ వానలకూ ఆ ఎండలకూ మధ్య దొరికే కొద్ది వారాల్లో ఉంది.

కాబట్టి ముందు మొక్కలు కొనకండి. పొలంలో పైన ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి గోతులు తవ్వండి, మనిషి లోతు. మట్టి ఎంత లోతుంది, చివికిన రాయి ఎక్కడ మొదలైంది, పెద్ద వాన పడ్డాక గోతిలో నీరు ఎన్ని రోజులకు దిగింది, రాసుకోండి. మంచి థర్మామీటర్ ఒకటి పెట్టి ఫిబ్రవరి, మార్చి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రతలు రెండేళ్ళు తీయండి. మీ మండలంలో పదేళ్ళ అక్టోబరు, నవంబరు వాన లెక్కలు వాతావరణ శాఖ దగ్గర అడిగి తీసుకోండి. అవి పట్టుకుని రండి, ఏ రూట్‌స్టాక్, ఏ రకం అనేది అప్పుడు కూర్చుని చూద్దాం.